పిల్లి మెచ్చిన గురక

కూరగాయల టోకు మార్కెట్లో వేలం పాడేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. మైకు మాత్రం ఒక్కడే. అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే తన వెనక ఇంకెవరో ఉన్నారనుకుని తిరిగి చూస్తాడు. ఒకప్పుడు మార్కెట్టుకి నిజం మైకు ఒకటి కొందామనుకున్నారు పెద్దలు. ఇతను టమాటా పెట్టెల మీదికెక్కి "ఒకటోసారి!" అని ఒక్క కేక పెట్టేసరికి, ఆ కేక అవతలి గేటు దగ్గర లారీలు కడుగుతున్నవాళ్ళకి కూడా వినబడేసరికి, ఆ ఆలోచన అక్కడే మానుకున్నారు.

తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నం భోజనం వేళకి ఇల్లు చేరేవాడు. గొంతు మాత్రం మార్కెట్లో వదిలిపెట్టి రావడం చేతనయ్యేది కాదు. "కాస్త ఉప్పు అందుకో" అన్నా ఉప్పుని వేలానికి పెట్టినట్టే ఉండేది. భోంచేసి పడుకున్నాక ఇక గురక. ఆ గురక గురించి అతని భార్య చెప్పడం మొదలుపెడితే ఎదురింటి పిన్నిగారు అందుకునేది, ఆవిడ ఆపితే కింద అంతస్తువాళ్ళు అందుకునేవాళ్ళు.

భార్య లైబ్రరీలో పనిచేసేది. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం, మధ్యలో ఎవరైనా గుసగుసలాడితే వేలు పెదవుల మీద పెట్టి "ష్" అనడం ఆమె ఉద్యోగం. ఇంట్లో మాత్రం ఆ "ష్" ఎప్పుడో మానేసింది, దండగని. ఒక్కగానొక్క కూతురు ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయి రెండు వీధుల అవతలే ఉంటుంది, డ్యూటీ దిగి తన ఇంటికి పోయే దారిలో ఇక్కడ ఓసారి తల దూర్చి వెళ్తుంది.

ఆ ఇంట్లోకి పిల్లి రావడానికి కారణం ఎలుకలు. వెనక గదిలో అలమర నిండా ఆమె పుస్తకాలు. కింది వరసలో ఉన్న వాటి అట్టలు ఎలుకలు కొరికేస్తుంటే బోను తెస్తానన్నాడు మైకు. పిల్లిని తెచ్చుకుందామంది ఆమె. చిన్నప్పట్నుంచీ ఉన్న కోరిక అది, ఎలుకలు సాకు దొరికాయి.

దిక్కులేని పిల్లుల్ని, కుక్కల్ని చేరదీసే షెల్టరు ఊరి చివర ఉంది. ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు. పిల్లుల గదిలో అడుగుపెట్టగానే రెండు మూడు కాళ్ళకి రాసుకుంటూ వచ్చేశాయి. మైకు సంబరపడిపోయి "అబ్బో, ఎంత మర్యాద!" అన్నాడు. అంతే. గది మొత్తం ఖాళీ అయిపోయింది. బల్లకిందికి ఒకటి, కిటికీ మీదికి ఒకటి, బుట్టలోకి రెండు. మిగిలింది ఒక్కటే. మూలన గోడకేసి మొహం పెట్టి కూర్చున్న బూడిదరంగు పిల్లి.

"ఇదొక్కటే ధైర్యవంతురాలు," అన్నాడు మైకు.

"ధైర్యం కాదండీ," అంది షెల్టరు చూసుకునే అమ్మాయి. "పారిపోవడానికి ఇంకెక్కడా చోటు లేక అక్కడుంది. మూసేసిన గోదాములో దొరికింది. ఎవరో చీపురుతో బాగా తరిమినట్టున్నారు, చెయ్యెత్తితే చాలు బిగుసుకుపోతుంది. ఇప్పటికి ఇద్దరు తీసుకెళ్ళి, ఒళ్ళో కూర్చోవట్లేదని తిరిగి తెచ్చిచ్చారు."

భార్య నేలమీద కూర్చుంది. పిల్లివైపు చూడలేదు, తనూ గోడవైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి పిల్లి చెవి ఒకటి ఇటు తిరిగింది.

"ఇదే," అంది ఆమె లేస్తూ.

"ఇదా? ఎలుకని చూస్తే ఇదే పారిపోయేట్టుందే!"

"ఇదేనండీ."

ఆమె అలా నెమ్మదిగా ఒక మాట అన్నాక, మార్కెట్టంతా కలిసి పాడినా ఆ పాట మారదని మైకుకి తెలుసు.

షెల్టరు అమ్మాయి పంపించేటప్పుడు చెప్పిన జాగ్రత్తలు మూడే ముక్కలు: పట్టుకోవద్దు, పదే పదే పిలవద్దు, కళ్ళలోకి చూడొద్దు. అదే వచ్చేదాకా ఆగమంది. "ఎన్నాళ్ళు ఆగాలమ్మా?" అని మైకు అడిగితే, "అది దాని ఇష్టమండీ," అంది.

ఇంటికి తెచ్చి వెనక గదిలో బుట్ట మూత తీయగానే, బూడిదరంగు గీత ఒకటి నేలమీద గీసినట్టు కనబడి, పుస్తకాల అలమర వెనక మాయమైపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంట్లో పిల్లి ఉన్నట్టు తెలిసేది ఖాళీ అయిన గిన్నెని బట్టే. పొద్దున్నే మైకు వెళ్తూ "ఉందా?" అని అడిగేవాడు. లైబ్రరీ నుంచి వస్తూనే భార్య తలుపులోంచి "ఉందా?" అనేది. కూతురు ఫోన్ చేసి బాగున్నారా అనడం మానేసి "ఉందా?" అనడం మొదలుపెట్టింది. చివరికి అదే దాని పేరైపోయింది.

మైకు మారడానికి ప్రయత్నం చెయ్యలేదని ఎవరూ అనడానికి లేదు. ముందు గుసగుసగా మాట్లాడి చూశాడు. అతని గుసగుస మెట్లమీద వెళ్ళేవాళ్ళకి వినబడింది. దాంతో ఇంట్లో మాటలే మానేసి సైగల్లోకి దిగాడు. మంచినీళ్ళు కావాలని బొటనవేలు నోటికి చూపిస్తే భార్య పంటినొప్పి అనుకుని లవంగం తెచ్చిచ్చింది. పిల్లి తిందా అని నాలుగు కాళ్ళమీద వంగి చూపిస్తే నడుం పట్టేసిందనుకుని తైలం సీసా తీసింది. మునివేళ్ళ మీద నడవడం కూడా మొదలుపెట్టాడు. అంత భారీ మనిషి వంటింట్లోంచి వసారాలోకి అలా పిల్లి అడుగులు వేసుకుంటూ వెళ్తుంటే, నవ్వు ఆపుకోవడానికి ఆమె కొంగు నోట్లో కుక్కుకునేది.

ఈ నిశ్శబ్దం నాలుగు రోజులు సాగేసరికి ఎదురింటి పిన్నిగారికి కంగారు పుట్టింది. ఓ సాయంత్రం తలుపు తట్టి లోపలికొచ్చి, ఇద్దర్నీ చెరో కుర్చీలో కూర్చోబెట్టింది.

"చూడమ్మాయ్, ఏ ఇంట్లో లేవు గొడవలు? మాట్లాడుకోకుండా ఉంటే ఎలా? ఏం బాబూ, నువ్వైనా తగ్గు."

"గొడవేం లేదు పిన్నిగారూ," అంది భార్య. "ఉందా కోసం."

"ఏముందా?"

"ఉందా అండీ. పిల్లి."

"పిల్లి ఉందా?"

"ఉంది. దాని పేరు ఉందా."

పిన్నిగారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మైకు తన వంతుగా అలమరవైపు చెయ్యి చూపించి, చెవులు మూసుకుని, రెండు చేతులూ జోడించాడు. "సరే బాబూ," అంది ఆవిడ లేచి. "మీరు మీరు చూసుకోండి." వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఏమైనా ఇల్లు ఇలా ఉంటే మాకు నిద్ర బాగానే పడుతోంది," అని కూడా అంది.

భార్య పద్ధతి వేరు. లైబ్రరీ నుంచి రాగానే వెనక గదిలో నేలమీద చాప వేసుకుని, అలమరకి వీపు పెట్టి కూర్చుని, చేతికందిన పుస్తకం పైకి చదివేది. కథలని కాదు, ఏదైనా సరే. తోటపని గురించి, ఓడల గురించి, ఓసారి గడియారాలు బాగుచేసే పుస్తకం కూడా చదివింది. గొంతు పెంచదు, తగ్గించదు. కొన్నాళ్ళకి అలమర పక్కనుంచి ఒక మీసం కనబడింది. ఇంకొన్నాళ్ళకి మీసంతో పాటు మొహం. అది అలా వచ్చి చాప అంచుదాకా చేరి, ముందుకాళ్ళు ముడుచుకుని కూర్చునే రోజు కూడా వచ్చింది. ఆమె గొంతు మారనివ్వకుండా పుస్తకంలోని ఓడల్ని నడిపిస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో మైకు నిలబడి ఉన్నాడు. ఆరోజు మార్కెట్లో ఎండుమిరపకాయల వేలం సాయంత్రందాకా సాగింది. బట్టల నిండా, ముక్కు నిండా ఆ ఘాటే. ముక్కు పట్టుకున్నాడు, నోరు మూసుకున్నాడు, గుండ్రంగా తిరిగాడు. ఏం చేసినా ఆగలేదు. ఒకటోసారి తుమ్మాడు. రెండోసారి తుమ్మాడు. మూడోసారికి అలమర అద్దాలు గలగలమన్నాయి.

పిల్లి ఎటు పోయిందో కంటికి కూడా కనబడలేదు. ఆ రాత్రి గిన్నె ఖాళీ అవ్వలేదు. మర్నాడు కూడా సగం అలాగే ఉండిపోయింది.

మైకుకి అన్నం సయించలేదు. "దీన్ని ఇంకెవరికైనా ఇచ్చేద్దామా?" అన్నాడు. తను మాట్లాడినట్టే లేదు, అంత నెమ్మదిగా వచ్చింది ఆ మాట. "నోట్లో నాలుక లేనివాళ్ళ ఇంట్లో అయితే సుఖంగా బతుకుతుంది. నాతో ఎందుకు దానికి ఈ హింస?"

"ఇప్పటికే ఇద్దరు వెనక్కిచ్చారు. మనం మూడోవాళ్ళం అవ్వాలా?"

"మరి నా గొంతు?"

"మీ గొంతుతో నేను బతకట్లేదూ? దానికీ అలవాటవుతుంది. కాకపోతే నాకంటే కాస్త ఎక్కువ టైం పడుతుందేమో." ఆమె అతని కంచంలో ఇంకాస్త పెరుగు వేసింది. "నాకు మాత్రం తక్కువ పట్టిందనుకుంటున్నారా?"

అయినా అతనికి మనసొప్పలేదు. తుమ్ముకే అలా అయితే గురకకి దాని గుండె ఆగిపోతుందని భయపడ్డాడు. రాత్రిళ్ళు వెనక గది తలుపు గట్టిగా వేసి ముందు గదిలో పడుకునేవాడు, మధ్యాహ్నం నిద్ర మార్కెట్లోనే, ఖాళీ గోనెసంచుల మీద కానివ్వడం మొదలుపెట్టాడు. అక్కడ హమాలీలు ఊరుకుంటారా? "మైకు అన్నా, లారీ రివర్సు వస్తోందనుకుని రెండుసార్లు పక్కకి గెంతాం," అని వేళాకోళం. గుమాస్తా అయితే ఆ చప్పుడులో లెక్క తప్పిపోతోందని సంచులు అవతలి షెడ్డుకి మార్పించాడు. గోనెసంచుల దురద సరేసరి.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దుట్నుంచీ కుండపోత వాన. లారీలు రాలేదు, సరుకు రాలేదు, పదింటికల్లా మార్కెట్టు మూసేశారు. మైకు తడిసి ముద్దయి ఇల్లు చేరేసరికి ఎవరూ లేరు. ముందు గదిలో తీగల నిండా ఆరని బట్టలు, మంచం నిండా ఆరీ ఆరని దుప్పట్లు. పొడిగా ఉన్న పడక వెనక గదిలోదే. బట్టలు మార్చుకుని, పిల్లి అడుగులే వేసుకుంటూ వెళ్ళి, ఒక్క నిమిషం నడుం వాల్చి లేచిపోదామనుకున్నాడు. ఆ ఒక్క నిమిషం ఎక్కడిదాకా పోయిందో అతనికి తెలియదు.

భార్యకి మెట్లమీదే గురక వినబడింది. "కొంప మునిగింది, పిల్లి ఇక మనకి దక్కదు," అనుకుంటూ గొడుగైనా మూయకుండా గబగబా లోపలికొచ్చి వెనక గది గుమ్మంలో బొమ్మలా నిలబడిపోయింది.

మంచం మీద మైకు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అతని పొట్టమీద ఉందా. గుండ్రంగా చుట్టుకుని, గడ్డం అతని చొక్కా గుండీ మీద ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. గురక లోపలికి వెళ్ళినప్పుడల్లా పైకి లేస్తోంది, బయటికి వచ్చినప్పుడల్లా కిందికి దిగుతోంది, పడవలో ప్రయాణం చేస్తున్నట్టు.

ఆమె గొడుగు నుంచి నీళ్ళు కారి గుమ్మంలో మడుగు కట్టాయి. కదిలితే ఒట్టు. మైకు చివరికి ఒళ్ళు విరుచుకునేసరికి పిల్లి లేచి, దిగి, తొందరేమీ లేకుండా అలమర వెనక్కి వెళ్ళిపోయింది.

విషయం చెబితే మైకు నమ్మలేదు. "నన్ను ఆటపట్టించకు."

"చొక్కా చూసుకోండి."

చొక్కామీద బూడిదరంగు వెంట్రుకలు. అతను ఒక్కొక్కటీ ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. మరుక్షణంలోనే దిగాలుపడిపోయింది కూడా. "అయితే నేను చూడనే లేదన్నమాట!"

అతని పక్కనే కూర్చుని చొక్కా చేత్తో దులుపుతూ, "ఇన్నాళ్ళూ కింద కూర్చుని గొంతు పోయేలా చదివింది నేను," అంది ఆమె. "అది మీ పొట్ట చూసుకుంది." నవ్వుతూనే అంది కానీ, ఆ నవ్వు చివర చిన్న వెలితి ఉంది. మైకు దాన్ని గమనించాడు.

సాయంత్రం కూతురు షెల్టరు అమ్మాయికి ఫోన్ చేసి అడిగింది. ఆ అమ్మాయి ఫోన్లోనే పకపకా నవ్వింది. "నిద్రపోయేవాళ్ళు చెయ్యి చాపరు, వెంటపడరు కదండీ. గురక వినబడుతున్నంతసేపూ ఆయన లేవలేదని దానికి గట్టి నమ్మకం. నాన్నగారిని రోజూ అక్కడే పడుకోమనండి."

గోనెసంచులకి ఆరోజుతో సెలవు. రోజూ మధ్యాహ్నం మైకు వెనక గదిలో పడుకోవడం, పిల్లి ఎక్కడం, అతను లేచేసరికి దిగిపోవడం. కూతురు ఫోటోలు తీసి చూపించేది. "ఇది నేనేనా? నా నోరు ఇంత తెరుచుకుంటుందా?" అనేవాడు. ఎన్ని ఫోటోలు చూసినా ఆకలి తీరదు కదా. దాని బరువెంతో తెలియాలి. ఒళ్ళు వెచ్చగా ఉంటుందా, ఊపిరి తగులుతుందా తెలియాలి. ఆలోచించి ఆలోచించి, భార్యకి సెలవున్న ఒకరోజు మేలుకునే పడుకుని, దొంగ గురక మొదలుపెట్టాడు. అలమర వెనకనుంచి మీసమైనా కదల్లేదు.

"అది మీ గురక కాదండీ," అంది భార్య గుమ్మంలోంచి. "అది పంప్ సెట్టు."

"మరి నా గురక ఎలా ఉంటుంది? నేనెప్పుడైనా విన్నానా?"

ఇన్నేళ్ళుగా విన్న మనిషి ఆమె. పక్కన కూర్చుని పాఠం చెప్పింది. "మొదట గరగరా లాగాలి, ఇసుకలో పార గుచ్చినట్టు. పైకి వెళ్ళాక ఆగాలి. నేను ఇప్పటికీ అక్కడ భయపడతాను, మళ్ళీ ఊపిరి వస్తుందా రాదా అని. ఆ తర్వాత పెదవుల చివర్నుంచి సన్నగా ఓ ఈల. ఈల మర్చిపోకండి, మీ గురకంతా ఆ ఈల్లోనే ఉంది."

మైకు సాధన చేశాడు. గరగర వచ్చింది, ఆగడం వచ్చింది, ఈల మాత్రం పాట అయిపోయేది. ఆమె చేసి చూపించింది. లైబ్రరీలో వేలు పెదవుల మీద పెట్టే మనిషి, మంచం పట్టె మీద కూర్చుని మొగుడి గురక అచ్చుగుద్దినట్టు పెట్టి చూపిస్తే, మైకు లేచి కూర్చుని, "నాతో కాపురం చేసింది నువ్వేనే!" అన్నాడు.

మొత్తానికి కుదిరింది. ఓ మధ్యాహ్నం అతను కళ్ళు మూసుకుని, నేర్చిన గురక నేర్చినట్టు పెడుతుంటే, మంచం ఓ పక్క కాస్త కుంగింది. తొడమీద ఒక అడుగు పడింది. ఆగింది. ఇంకో అడుగు. ఆ పైన పొట్టమీద, ఓ చిన్న కాకరకాయల సంచి పెట్టినంత బరువు, వెచ్చగా. గుండె గబగబా కొట్టుకుంటుంటే అది వినేస్తుందేమోనని మైకుకి భయం. గరగర, ఆగడం, ఈల. గరగర, ఆగడం, ఈల. ఎంతసేపని పెడతాడు? గొంతు ఎండిపోయింది. ఓ కన్ను సన్నగా తెరిచాడు.

పచ్చటి కళ్ళు రెండు అతన్నే చూస్తున్నాయి.

గురక ఆగిపోయింది. దొరికిపోయిన దొంగలా మైకు కదలకుండా ఉండిపోయాడు. కళ్ళలోకి చూడొద్దన్న సంగతి గుర్తొచ్చి మెల్లిగా రెప్పలు వాల్చాడు, మళ్ళీ ఎత్తాడు. పిల్లి కూడా మెల్లిగా రెప్పలు వాల్చింది, ఎత్తింది. దిగలేదు. మొహం అతని గుండీ మీద పెట్టేసింది. ఇంతలో దాని తోక కొస వచ్చి అతని ముక్కుకి తగిలింది.

మైకు దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. పళ్ళు బిగించాడు, కాలివేళ్ళు ముడుచుకున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లాభం లేకపోయింది. ఇల్లు అదిరేలా తుమ్మాడు.

పిల్లి గాలిలోకి లేచింది. మంచం చివర దిగింది. ఒళ్ళంతా ఉబ్బి రెండింతలైంది. ఇక అయిపోయిందనుకున్నాడు మైకు. అది అలమరవైపు చూసింది, అతనివైపు చూసింది. కాసేపు అక్కడే నిలబడి, ఏదో గుర్తొచ్చినట్టు కూర్చుని వీపు నాక్కోవడం మొదలుపెట్టింది. ఉబ్బిన ఒళ్ళు మెల్లిగా మామూలైంది. పని పూర్తిచేసుకుని, అతని కాళ్ళమీదుగా నడుచుకుంటూ, వచ్చిన దారినే తిరిగి వచ్చి పొట్టమీద చుట్టుకుంది.

ఆ తర్వాత గురక అవసరం పడలేదు. ఉందా మెల్లిగా ముందు గదిలోకి వచ్చింది, వంటింటి గడపదాకా వచ్చింది, కిటికీలో కూర్చుని వీధి చూడటం మరిగింది. ఎలుకల్ని పట్టిందో లేదో ఎవరూ చూడలేదు కానీ, పుస్తకాల అట్టలు కొరకడం ఆగిపోయింది. మైకు సైగలు మానేసి మనిషిలా మాట్లాడుతున్నాడు. కేక పెద్దదైతే అది చెవులు వెనక్కి పెట్టి, ఇంకా ఉందా అన్నట్టు ఓ చూపు చూసి, తన పనిలో తను పడిపోతుంది. చీపురు కనబడితే మాత్రం ఇప్పటికీ గది ఖాళీ. అందుకని వాళ్ళు అది పడుకున్నప్పుడే, అదీ పక్క గదిలో ఉన్నప్పుడే ఊడుస్తారు.

భార్య మాత్రం చదవడం మానలేదు. పిలవనూ లేదు, ఆశపడుతున్నట్టు పైకి కనబడనూ లేదు. ఓ సెలవురోజు సాయంత్రం ఎప్పటిలాగే చాపమీద కూర్చుని, తేనెటీగల పెంపకం గురించి చదువుతోంది. ఒక అధ్యాయం అయిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. ఉందా చాప అంచునుంచి లేచి వచ్చి, ముందుకాలు తెరిచిన పుస్తకం మీద పెట్టింది. ఆమె కదల్లేదు. అది తన నుదురు తెచ్చి ఆమె మోచేతికి ఆనించి, ఒక్క తోపు తోసింది. చదవడం ఎందుకు ఆపావన్నట్టు. ఆమె కళ్ళజోడు లేకుండానే, అక్షరాలు కనబడకుండానే, నోటికొచ్చిన తేనెటీగల సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. అది ఒళ్ళోకెక్కి, రెండుసార్లు తిరిగి, కూలబడింది.

గుమ్మంలోంచి ఇదంతా చూసిన మైకుకి ఆనందం గొంతుదాకా వచ్చేసింది. అక్కడే అరిస్తే పాపం. నోరు రెండు చేతులతో మూసుకుని, తలుపు దగ్గరగా వేసి, మెట్లన్నీ దిగి, వీధి మలుపుదాకా వెళ్ళి అక్కడ పెట్టాడు ఒక కేక. కాకులు లేచిపోయాయి. సైకిలు మీద పోతున్న ఆయన దిగిపోయాడు. పై అంతస్తులోంచి పిన్నిగారు కిటికీ తెరిచి, "ఏమైంది బాబూ?" అంది.

"మా ఆవిడ ఒళ్ళో పడుకుందండీ!"

"అంతేనా? నేనింకా ఏమిటో అనుకున్నాను," అంటూ కిటికీ వేసుకుంది. వేసుకున్నాక మళ్ళీ తెరిచి, "ఎప్పుడు?" అంది. మరుక్షణం చెప్పులేసుకుని చూడటానికి బయల్దేరింది.

మైకు తిరిగి వచ్చేసరికి భార్య అలాగే కూర్చుని ఉంది. కాళ్ళు తిమ్మిరెక్కినట్టున్నాయి, మొహం చూస్తే తెలుస్తోంది. అయినా జరగలేదు.

"ఎవరో అరిచినట్టుంది?" అంది.

"ఎవరో తెలీదు. వీధిలో ఎవడో."

"ఊఁ. ఎవడో," అంది ఆమె పిల్లి వీపు మీద వేలితో మెల్లిగా రాస్తూ. "ఏవండీ, నేను లేవలేను. కాస్త టీ పెడతారా?"

మైకు వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి వెలిగించి, డబ్బాలన్నీ ఒక్కొక్కటే మూత తీసి వాసన చూడసాగాడు.

"టీపొడి రెండో అరలో," అని వెనక గదిలోంచి వినబడింది. "మూడు కప్పులు పెట్టండి, పిన్నిగారు వస్తున్నట్టున్నారు."